520 వంతెన పక్కన తోట, కాగితం మీది మాటకు కాపలా

సియాటిల్‌కు తూర్పున, వాషింగ్టన్ సరస్సుకు ఇవతలి వైపున ఉన్న రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్ ఊళ్లలో నివసించే తెలుగువారిలో చాలామందికి 520 అనే రహదారి అంటే నెలనెలా వచ్చే టోల్ బిల్లు, సాయంత్రం వేళ ఆగి ఆగి కదిలే కార్ల బారు, సరస్సు మీద తేలే వంతెనలన్నింటిలోకీ పొడవైనదని ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలకు చూపించే వింత. ఆ రహదారి తూర్పు కొస రెడ్‌మండ్‌లో, మనలో ఎంతోమంది పనిచేసే మైక్రోసాఫ్ట్ ప్రాంగణం దాటాక ముగుస్తుంది. పడమటి కొసన అది సియాటిల్ ఒడ్డును తాకే చోట 230 ఎకరాల ప్రజా వృక్షోద్యానం ఉంది. రహదారికీ ఆ తోటకూ మధ్య అరవై ఏళ్లుగా సాగుతున్న పెనుగులాటలో మామూలు మనుషులు పోషించిన పాత్ర గురించి, ఆ పాత్రలో మనకు కూడా వాటా ఉందన్న నా నమ్మకం గురించి ఇక్కడ రాస్తున్నాను.

వాషింగ్టన్ పార్క్ ఆర్బొరీటమ్ అని పిలిచే ఈ తోట 1934లో నగరపాలనకూ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికీ కుదిరిన ఒప్పందంతో ఏర్పడింది. నేల నగరానిది, చెట్ల సంరక్షణ విశ్వవిద్యాలయానిది. అమెరికాలో అనేక నగరాల ఉద్యానవనాలకు రూపమిచ్చిన ఓమ్‌స్టెడ్ సోదరుల సంస్థ దీనికి 1936లో ప్రణాళిక గీసింది. తోట ఉత్తరపు అంచు మామూలు నేల కాదు. 1916లో ఓడల కాలువ కోసం మాంట్‌లేక్ దగ్గర నేలను తవ్వినప్పుడు సరస్సు నీటిమట్టం దాదాపు 9 అడుగులు పడిపోయి, అంతవరకూ నీటి కింద ఉన్న నేల బయటపడి బురదనేలలుగా, రెల్లు పొదలుగా, పక్షుల తావులుగా మారింది. ఆ బురదనేలల మధ్య ఉన్న ఫాస్టర్ ద్వీపం అక్కడి ఆదిమ జాతుల వారికి పూర్వీకులను సాగనంపిన చోటు. 1963లో మొదటి తేలే వంతెనను కట్టినప్పుడు రహదారిని సరిగ్గా ఆ ద్వీపం మీదుగా, ఆ బురదనేలలను చీల్చుకుంటూ తీసుకువెళ్లారు. పార్కు నేల ప్రజలదే కాబట్టి అక్కడ పరిహారం చెల్లించవలసిన ఇంటి యజమానులు ఉండరు, ఖాళీ చేయించవలసిన కుటుంబాలూ ఉండవు. రోడ్లు వేసే ఇంజినీరుకు పటంలో పార్కు ఖాళీ జాగాలా కనిపించడానికి కారణం ఇదే. ఇది సియాటిల్‌కు మాత్రమే పరిమితమైన సంగతి కాదు.

ఆ వంతెనతో పాటే మరో దారికి కూడా పునాది వేశారు. ఆర్. హెచ్. థామ్సన్ ఎక్స్‌ప్రెస్‌వే అనే పేరుతో ఉత్తరం నుంచి దక్షిణానికి, తోట పొడవునా, ఆపైన సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే పేటలోని ఇళ్ల మధ్యగా ఒక వేగరహదారి వేయాలని నగరం అనుకుంది. 1960లో ఓటర్లే దానికి బాండ్ల రూపంలో డబ్బు మంజూరు చేశారు. ఆ రహదారి వచ్చి కలుస్తుందన్న ధీమాతో 520 పక్కన ర్యాంపుల (రహదారిలోకి ఎక్కే, దిగే వాలుదారుల) మొదళ్లను ముందే కట్టేశారు. అయితే పదేళ్లు గడిచేసరికి జనం మనసు మారింది. తోటకు ఆనుకుని ఉన్న మాంట్‌లేక్ పేటలోని మధ్యతరగతి శ్వేతజాతి కుటుంబాలూ, ఆ రహదారి పడితే ఇళ్లు కోల్పోయే సెంట్రల్ డిస్ట్రిక్ట్‌లోని నల్లజాతి కుటుంబాలూ ఒక్క గొంతుగా అడ్డుచెప్పాయి. 1969 మే నెలలో తోటలోనే పెద్ద ప్రదర్శన జరిగింది. 1972 ఫిబ్రవరిలో ఆ బాండ్లను రద్దు చేయాలా అని మళ్లీ ఓటర్లనే అడిగారు, వాళ్లు రద్దు చేశారు. కట్టిన ర్యాంపులు మాత్రం ఎక్కడికీ వెళ్లకుండా గాలిలో ఆగిపోయి దశాబ్దాల పాటు అలాగే నిలిచాయి. వేసవిలో కుర్రవాళ్లు వాటి మీది నుంచి నీళ్లలోకి దూకేవాళ్లు.

ఈ కథను సియాటిల్ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, అందుకు వాళ్లకు అర్హత ఉంది. నా మటుకు నాకు ఇందులో ముఖ్యంగా తోచింది వేరొకటి. ఒక రహదారిని పూర్తిగా ఆపడం అరుదైన విజయం. ఎందుకంటే ఎక్కువ సందర్భాల్లో ఆ రహదారి నిజంగా అవసరమే అయి ఉంటుంది. 1963 నాటి 520 వంతెన విషయంలో అదే జరిగింది. పక్కన ఆగడానికి అంచు కూడా లేని నాలుగు వరుసల ఆ వంతెన పెనుగాలికి ఊగిపోయేది, పడమటి వైపు దానిని మోసే స్తంభాలు లోపల బోలుగా ఉండడం వల్ల పెద్ద భూకంపాన్ని తట్టుకోలేవని ఇంజినీర్లు తేల్చారు. దాని స్థానంలో కొత్తది కట్టాలన్నదానిపై పెద్దగా వివాదం లేదు. ఎంత వెడల్పున, ఏ ఎత్తున, ఎవరి నేల మీద, ఎవరికి ఏమి తిరిగి ఇచ్చి కట్టాలన్నదే వివాదం. ఇటువంటి చోట అడ్డుపడేవాళ్ల కంటే వెంటపడేవాళ్లు ఎక్కువ మేలు చేయగలుగుతారు.

అలా వెంటపడడానికి వాళ్ల చేతిలో ఉన్న ప్రధానమైన చట్టం 1966 నాటి రవాణా శాఖ చట్టంలోని సెక్షన్ 4(ఎఫ్). కేంద్ర ప్రభుత్వ నిధులతో గానీ అనుమతితో గానీ వేసే రహదారి ప్రజా ఉద్యానవనాన్ని తీసుకోవాలంటే, దానికి ఆచరణయోగ్యమూ వివేకవంతమూ అయిన వేరే మార్గం లేదని ముందు తేలాలి, తీసుకోక తప్పనప్పుడు నష్టాన్ని తగ్గించడానికి సాధ్యమైన ప్రణాళిక అంతా చేసి ఉండాలి. ఈ మాటలు పుస్తకంలోనే ఉండిపోకుండా చేసినవాళ్లు టెన్నెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరవాసులు. అక్కడ 342 ఎకరాల ఓవర్టన్ పార్కు నడిమధ్యగా ఐ-40 రహదారిని తీసుకుపోవాలని నిర్ణయించినప్పుడు, వేరే మార్గం ఎందుకు లేదో ఎవరూ లిఖితపూర్వకంగా చెప్పలేదు. పౌరుల బృందం ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971 మార్చిలో వెలువడిన తీర్పు, రవాణా మంత్రి చెప్పిందే చాలదని, ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు ఆయన ముందున్న పూర్తి దస్త్రాన్ని కోర్టు పరిశీలించవలసిందేనని చెప్పింది. చివరికి 1981లో ఆ దారిని పార్కు గుండా వేసే ఆలోచననే మానుకున్నారు. నేటికీ ఐ-40 ఆ పార్కును తప్పించి ఉత్తరం వైపు నుంచి చుట్టి వెళుతుంది. అప్పటినుంచి పార్కును గణనీయంగా తాకే రహదారి ప్రణాళికలలో అధికారులు ఏయే మార్గాలను పరిశీలించారో, దేనిని ఎందుకు వదిలేశారో వివరంగా రాసిపెడుతున్నారు. అలా రాసి ఉండడం వల్లనే ఆ కారణాలను చదవడానికీ, ప్రశ్నించడానికీ సామాన్యుడికి వీలు చిక్కింది.

కొత్త 520 విషయంలో ముసాయిదా పర్యావరణ ప్రభావ నివేదిక 2006లో వచ్చింది. దాని మీద పేటల వారికీ, విశ్వవిద్యాలయానికీ, తోట సంరక్షకులకూ ఎన్నో అభ్యంతరాలుండగా, 2007లో రాష్ట్ర శాసనసభ అందరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టి మధ్యవర్తిత్వం జరపాలని చట్టమే చేసింది. ఏడాదికి పైగా సాగిన ఆ చర్చల నుంచి ఎ, కె, ఎల్ అనే మూడు నమూనాలు బయటికి వచ్చాయి. మొదటిది మాంట్‌లేక్ కాలువ మీద ఇప్పుడున్న ఎత్తుడు వంతెన పక్కనే రెండవది కట్టాలంది, రెండవది కాలువ కింద సొరంగం తవ్వాలంది, మూడవది కాలువ మీదుగా ఏటవాలుగా కొత్త వంతెన వేయాలంది. పౌరులు గీసిన గీతలను కూడా ఇంజినీర్లు లెక్కకట్టి, నివేదికలో పక్కపక్కన పెట్టి చూపించవలసి వచ్చింది. 2010లో రాష్ట్రం మొదటిదానికి దగ్గరగా ఉన్న నమూనాను ఎంచుకుంది. 2011లో తుది నివేదిక, ఆ వెంటనే ఏ నమూనాను ఏయే హామీలతో కట్టాలో ఖరారు చేసే కేంద్ర రహదారుల సంస్థ నిర్ణయ పత్రం వెలువడ్డాయి. కొన్ని పౌర బృందాలు కలిసి కోర్టుకు వెళ్లి 2012లో ఓడిపోయాయి.

కోర్టులో ఓడిపోయారు కాబట్టి ఈ శ్రమ వృథా అయిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. తోట లోపలి దారిలోకి రహదారి వాహనాలను కుమ్మరించే ర్యాంపులను తీసివేయాలని, వాటి కింద ఉన్న ద్వీపకల్పం లాంటి నేలను మళ్లీ తోటలో కలపాలని కాగితం మీదికి వచ్చింది. తోటకు కలిగే నష్టానికి బదులుగా రవాణా శాఖ ఇచ్చిన 78 లక్షల డాలర్లతో 1.2 మైళ్ల కొత్త నడకదారి వేశారు, అది 2018లో తెరుచుకుంది. తోటలో ముందునుంచీ ఉన్న పాత దారితో కలిసి అది రెండున్నర మైళ్ల చుట్టు అయింది. పిల్లల బండ్లు తోసుకుంటూ, చేతికర్రతో నడిచే పెద్దవాళ్లను వెంటబెట్టుకుని మన కుటుంబాలు ఎన్నో అక్కడ తిరగడం చూస్తుంటాను. ఆ దారి ఎవరో దయతో వేసింది కాదు, రహదారి తీసుకున్న నేలకు బదులుగా రాబట్టుకున్నది. ఇంకొక చట్టం ప్రకారం, కేంద్ర భూ, జల పరిరక్షణ నిధితో అభివృద్ధి చేసిన వినోద స్థలాన్ని వేరే పనికి వాడుకుంటే సమానమైన మరో స్థలాన్ని ప్రజలకు ఇవ్వాలి. మాంట్‌లేక్ కాలువకు పడమట ఉన్న పోర్టేజ్ బే అనే నీటిపాయ ఒడ్డున 2020లో తెరిచిన ఫ్రిట్జ్ హెడ్జెస్ వాటర్‌వే పార్కు అలా వచ్చిందే.

నేను అన్నిటికంటే ఎక్కువగా చెప్పదలచుకున్నది కాగితం మీద సంతకమైన తర్వాతి కాలం గురించి. నిర్ణయ పత్రం 2011లో వెలువడింది. తేలే భాగం 2016 ఏప్రిల్‌లో తెరుచుకుంది. పడమటి ఒడ్డుకు చేర్చే ఉత్తరపు వంతెన 2017లో, రహదారి మీద మూడెకరాల కప్పు వేసి దానిమీద పచ్చిక, బస్సు స్టాపులు ఏర్పాటు చేసిన మాంట్‌లేక్ భాగం 2024లో పూర్తయ్యాయి. మిగిలిన పోర్టేజ్ బే వంతెన పని ఈ దశాబ్దం దాటి సాగనుంది. ఇంత కాలంలో గవర్నర్లు మారారు, రవాణా శాఖ కార్యదర్శులు మారారు, ఒక్కో భాగానికి ఒక్కో గుత్తేదారు వచ్చాడు, శాసనసభలో ఆనాడు ఆ చట్టం చేసినవాళ్లలో చాలామంది ఇప్పుడు అక్కడ లేరు. ఆనాడు ఇచ్చిన మాటను చివరిదాకా గుర్తుంచుకుంటారని ఏ ఒక్కరి ఉద్యోగం మీదా భరోసా పెట్టుకోలేం. ఆ మాటను ఎవరు గుర్తుపెట్టుకుంటారన్న ప్రశ్నకు, పక్కనే నివసిస్తూ ఏళ్ల తరబడి ఆ కాగితాలను దాచుకున్న మనుషులన్నదే నాకు దొరికిన జవాబు.

పని మొదలయ్యాక బయటపడే సంగతులు నివేదికలలో ఉండవు. తేలే వంతెనను మోసే కాంక్రీటు పాంటూన్లు, అంటే నీటి మీద తేలే బోలు పెట్టెలు, మొత్తం 77. వాటిలో మొదటి విడతవి 2012లో సరస్సులోకి వచ్చేసరికి పెద్దవాటిలో పగుళ్లు కనిపించాయి. రాష్ట్ర రవాణా శాఖ సొంత ఇంజినీర్లు చేసిన డిజైనులోనే లోపం ఉందని 2013లో ఆ శాఖ ఒప్పుకున్నది. మరమ్మతుల ఖర్చు కోట్ల డాలర్లకు చేరి, అదంతా ప్రజల మీదనే పడింది. వంతెన తెరిచాక మరొక సంగతి తెలిసింది. తేలే భాగమూ నిలకడగా ఉండే భాగమూ కలిసే చోట ఉక్కు అతుకుల మీది నుంచి కారు వెళ్లినప్పుడల్లా దబదబమని శబ్దం వచ్చి, నీటి మీదుగా చాలా దూరం పాకి, ఒడ్డున ఉన్నవారి నిద్ర చెడగొట్టింది. శబ్దాన్ని తగ్గించడానికి ఎంతో శ్రద్ధతో డిజైను చేశామన్న వంతెన మీదనే ఇది జరిగింది. ఒడ్డున ఉన్నవాళ్లు పట్టు విడవకుండా అడగడం వల్ల శాసనసభ డబ్బు కేటాయించి విశ్వవిద్యాలయం చేత అధ్యయనం చేయించింది. ఇక పోర్టేజ్ బే భాగానికి 2023లో టెండర్లు తెరిచినప్పుడు తక్కువ ధర కూడా రాష్ట్రం వేసుకున్న అంచనా కంటే దాదాపు 70 శాతం ఎక్కువగా ఉంది. డబ్బు చాలనప్పుడు ముందుగా కోతపడేది చెట్లకూ, కప్పులకూ, నడకదారులకూ కేటాయించిన మొత్తానికే. రహదారి వరుసను తగ్గించాలని ఎవరూ అనరు, పచ్చిక పరిచే నేలను తగ్గిస్తే ఏమవుతుందని అందరూ అంటారు. అందుకే ధర పెరిగిందన్న వార్త వచ్చిన నాడు పర్యవేక్షించేవాళ్లు మరింత అప్రమత్తంగా ఉండవలసి ఉంటుంది.

రాత్రిపూట పనులకు సంబంధించిన అనుమతులను చదవడం నాకు ఎంతో నేర్పింది. మామూలు శబ్ద పరిమితులకు మించి రాత్రివేళ పనిచేయాలంటే గుత్తేదారుకు నగరపాలన ప్రత్యేక అనుమతి ఇవ్వాలి. ఏ రకం పనికి ఎంత శబ్దం వరకు, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎవరు కొలుస్తారు, ఫిర్యాదు వస్తే ఎవరు జవాబివ్వాలి అన్నవన్నీ అందులో షరతులుగా ఉంటాయి. చేపల విషయంలో కూడా అంతే. సాల్మన్ పిల్లలు సరస్సు గుండా సముద్రానికి వెళ్లే నెలల్లో నీటిలో దిగి చేసే పనులను ఆపాలి, పైల్స్ (పునాది స్తంభాలు) దిగగొట్టేటప్పుడు వాటి చుట్టూ గాలి బుడగల తెర వేసి శబ్దపు తాకిడిని తగ్గించాలి. ఇటువంటి షరతుల ప్రతి ఒకటి చేతిలో ఉన్న మనిషి, ఫలానా తేదీన ఫలానా షరతు అమలు కాలేదని తేదీతో, సమయంతో రాసి పంపితే, దానికి దొరికే జవాబు వేరు. ‘మీ పని వల్ల మాకు ఇబ్బందిగా ఉంది’ అని రాసిన ఉత్తరానికి దొరికే జవాబు వేరు. రెండూ ఒకే బాధను చెబుతున్నా, మొదటి ఉత్తరానికి మాత్రం సంబంధిత అధికారి పేరుతో, కారణంతో సమాధానం ఇవ్వవలసి వస్తుంది.

ఇక్కడ ఒక అసంతృప్తిని కూడా దాచకుండా చెప్పాలి. ఈ పర్యవేక్షణంతా ఎక్కువగా మాంట్‌లేక్, లారెల్‌హర్స్ట్, మెడీనా లాంటి కలిగినవారి పేటల నుంచే జరిగింది. అక్కడ పదవీ విరమణ చేసిన న్యాయవాదులు, వాస్తుశిల్పులు, ఆచార్యులు ఉంటారు, వందల పేజీల నివేదిక చదివే తీరికా, చదివి అర్థం చేసుకునే అలవాటూ వాళ్లకు ఉంటాయి. అటువంటివాళ్లు లేని పేటల మీద వేసిన రహదారులకు ఇన్ని షరతులు పడలేదు. ఇదే రాష్ట్రంలో ఐ-5 ఏయే ఇళ్ల మీదుగా పోయిందో చూస్తే ఆ తేడా తెలుస్తుంది. థామ్సన్ రహదారిని ఆపిన ఉద్యమంలో రెండు పేటలు కలిసి నిలబడడమే అసలైన బలమని నేను అనుకుంటాను. ఆ తర్వాతి కాలంలో ఆ కలయిక పలచబడింది.

మన ఊళ్లవారి సంగతికి వస్తే, వంతెన కావాలనుకునే వైపున మనం ఉన్నాం. తోట ఆవలి ఒడ్డున ఉంది. అందుకే అది వాళ్ల గొడవ అన్న భావన మన సంభాషణల్లో తరచు వినిపిస్తుంది. రెండవ కారణం ఇంకా లోతైనది. వీసా మీద ఉన్నవారు, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లుగా ఎదురుచూస్తున్నవారు, ఓటు లేని తమకు ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు ఎక్కడిదని వెనకాడతారు. ఆ వెనకాడడాన్ని నేను అర్థం చేసుకోగలను. అయినా ఆ అభిప్రాయం సరికాదు. పర్యావరణ ప్రభావ నివేదిక మీద వ్యాఖ్య పంపడానికి ఓటు అక్కరలేదు, పౌరసత్వమూ అక్కరలేదు. గడువులోపు వచ్చిన ముఖ్యమైన వ్యాఖ్యలకు తుది నివేదికలో జవాబు చెప్పే బాధ్యత ఆ సంస్థది. టోల్ కట్టేటప్పుడు ఎవరూ పాస్‌పోర్టు అడగరు, ఆ టోల్ డబ్బుతోనే ఈ పనులలో కొంత భాగం జరుగుతోంది. తక్కినది మనం కూడా కట్టే పన్నుల నుంచి వస్తోంది.

హైదరాబాదులో కేబీఆర్ జాతీయ ఉద్యానవనం చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టాలన్న ప్రతిపాదన 2016లో వచ్చినప్పుడు, పొద్దున్నే అక్కడ నడిచేవాళ్లు, విద్యార్థులు చేతులు కలిపి నిలబడిన సంగతి, ఆ వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ కూడళ్లకే మళ్లీ ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు కావాలని 2024 నుంచి ప్రణాళికలు వచ్చాయి. అక్కడ ట్రాఫిక్ బాధ నిజమైనదే, పార్కు అంచున ఉన్న చెట్ల అవసరమూ నిజమైనదే. వేరే మార్గాలను ఎవరు పరిశీలించారు, ఎందుకు వదిలేశారు, నరికిన చెట్లకు బదులు నాటినవి అయిదేళ్ల తర్వాత ఎన్ని బతికి ఉన్నాయి అన్న వివరాలను సమాచార హక్కు చట్టం కింద అడిగి, వచ్చిన జవాబును ఏళ్ల తరబడి దాచుకునే మనుషులు ఆ కూడళ్లకూ కావాలి. 2005 నాటి ఆ చట్టం మన దేశంలో సామాన్యుడి చేతికి వచ్చిన గొప్ప సాధనాలలో ఒకటి.

వాషింగ్టన్ రాష్ట్రంలో అటువంటి చట్టం, థామ్సన్ రహదారిని ఓడించిన ఆ 1972వ సంవత్సరంలోనే, నవంబరులో ఓటర్ల ఆమోదంతో వచ్చింది. తమకు సేవ చేసే సంస్థలకు ప్రజలు తమ సార్వభౌమత్వాన్ని వదులుకోరన్న అర్థం వచ్చే మాటలు ఆ చట్టంలోనే ఉన్నాయి. ఇప్పుడు పోర్టేజ్ బే మీద జరుగుతున్న పని మాంట్‌లేక్ ఆటస్థలం పక్కనుంచి వెళుతుంది, రోనోక్ పేట దగ్గర రహదారి మీద మరో కప్పు రావలసి ఉంది. తోటకు తిరిగి కలపవలసిన ద్వీపకల్పపు నేలను ఎలా తీర్చిదిద్దుతారన్నదీ, బురదనేలలో నాటిన మొక్కలు బతుకుతున్నాయా లేదా అన్నదీ ఇంకా చూడవలసిన విషయాలే. వీటిలో దేని గురించైనా తెలుసుకోవాలనుకునే తెలుగువారు 2011 నాటి నిర్ణయ పత్రంలో హామీల జాబితాతో మొదలుపెట్టి, ఒక్క హామీని మాత్రమే ఎంచుకుని, దాని స్థితి ఏమిటో తెలిపే పత్రాలు కావాలని రాష్ట్ర రవాణా శాఖకు రాయవచ్చు. రుసుము కట్టి వకీలును పెట్టుకోనవసరం లేదు, ఎందుకు అడుగుతున్నారో చెప్పనవసరం కూడా సాధారణంగా ఉండదు. అభ్యర్థన అందిన అయిదు పనిదినాలలోగా వాళ్లు పత్రాలు ఇవ్వడమో, ఎప్పటికి ఇస్తారో చెప్పడమో, ఎందుకు ఇవ్వలేరో కారణం చూపడమో చేయాలి.